అదృష్టమును నేర్పును తూచిన న్యాయమూర్తి: మహమ్మదు హిదాయతుల్లాగారి జీవితము

ఆటలలో గెలుపు కొంత నేర్పువలనను, కొంత అదృష్టమువలనను కలుగుచుండును. మన ఉప్పలు క్రీడారంగమున 2005 సంవత్సరము నవంబరు 16వ తేదీని భారత, దక్షిణాఫ్రికా జట్లు ఆడినది అచ్చటి మొదటి అంతర్జాతీయపు క్రికెట్టు పోటీ. నాటినుండి నేటివరకు అచ్చట జరిగిన ప్రతి పోటీయు నాణెము నెగురవేయుటతోనే మొదలగుచున్నది. ఆ నాణెము బొమ్మయో బొరుసో యగుట ఎవరి నేర్పునకును లోబడినది కాదు. ఐనను క్రికెట్టు అదృష్టపు ఆట యని పలుకువాడు ఉప్పలులో గాని నాచారములో గాని యొక్కడును కానరాడు. పాచికలు వేసి పందెమొడ్డుటను మాత్రము అందరును జూదమనియే యందురు. ఈ రెండింటికిని నడుమ నుండు ఆటల సంగతియేమి? పేకముక్కలు కలిపి పంచునపుడు అదృష్టము, వానిని ఆడునపుడు నేర్పు. అట్టి ఆటను ఏ పక్షమున చేర్చవలెను?

ఈ సందేహము క్రొత్తది కాదు. ధర్మరాజు జూదమున రాజ్యమును పోగొట్టుకొనిన కథ అందరును ఎరిగినదే. ఆ భారతమునందే నలమహారాజు పుష్కరునితో ఆడి సర్వమును ఓడిపోయి, పిమ్మట ఋతుపర్ణునివలన అక్షహృదయమను విద్యను నేర్చికొని మరల ఆడి రాజ్యమును గెలుచుకొనెను. పాచికలయందు సయితము నేర్వదగిన విద్య కొంత కలదని మన పూర్వులు తలచిరని దీనివలన తెలియుచున్నది. కాని పురాణములోని సందేహము న్యాయస్థానమునకు వచ్చినపుడు దాని బరువు వేరు. ఆట జూదమని తేలినచో ఆడినవానికి శిక్ష. కాదని తేలినచో వాని కాలక్షేపమునకు రక్షణ.

ఉప్పలునుండి మెట్రో రైలెక్కి హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడలు దాటినచో చేరు సికింద్రాబాదునుండియే యీ ప్రశ్న 1967 సంవత్సరమున భారత సుప్రీము కోర్టు ముందు నిలిచెను. దానికి తీర్పు వ్రాసిన మహనీయులు శ్రీ మహమ్మదు హిదాయతుల్లాగారు. మన విద్యార్థులు తెలిసికొనదగిన వారి చరిత్రమును సంగ్రహముగ నిట వ్రాయుచున్నాము.

హిదాయతుల్లాగారు 1905 సంవత్సరము డిసెంబరు 17వ తేదీని లక్నో నగరమున జన్మించిరి. వారి తండ్రియగు ఖాన్ బహద్దరు హాఫిజు మహమ్మదు విలాయతుల్లాగారు ప్రభుత్వోద్యోగి. ఉర్దూ భాషలో పేరుగన్న కవి. తాతగారు కాశీలో న్యాయవాదిగా నుండిరి. కావున ఒకవైపు కవిత్వము, మరియొకవైపు ధర్మశాస్త్రము ఆ యింట నెలకొని యుండెను. బాలుని చదువు రాయపూరులోని ప్రభుత్వోన్నత పాఠశాలలో సాగెను. 1922లో అచ్చటి చదువు ముగించి, వారు నాగపూరులోని మారిసు కళాశాలలో ప్రవేశించి పట్టభద్రులైరి. చదువులో ఎల్లప్పుడును ముందువరుస వారే. విద్యార్థి వేతనములు, బంగారు పతకములు వారిని వెదకుకొని వచ్చినవి.

1927లో వారు ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరిరి. న్యాయశాస్త్రముతోపాటు ఆంగ్లసాహిత్యమునందును వారికి మిక్కుటమగు అభిరుచి. పిమ్మటి కాలమున వారు వ్రాసిన తీర్పులు సులభముగను స్పష్టముగను ఉండుటకు ఈ సాహిత్యాభ్యాసము తోడ్పడెనని చెప్పవచ్చును. 1930లో లింకన్సు ఇన్నులో బారిష్టరు పరీక్షయందు నెగ్గి స్వదేశమునకు మరలి, ఆ సంవత్సరమే నాగపూరు న్యాయస్థానమున న్యాయవాదిగా చేరిరి.

తొలిదినములలో పని తక్కువ. అంతమాత్రమున వారు నిరుత్సాహము చెందలేదు. 1935 మొదలు 1943 వరకు నాగపూరు విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలలో పాఠములు చెప్పిరి. ఇతరులకు బోధింపవలెనన్న తాను లెస్సగ నేర్వవలెను గదా; ఈ యుపాధ్యాయత్వము వారి పాండిత్యమునకు పునాదియైనది. 1943లో ముప్పదియేడేండ్ల వయస్సుననే వారు మధ్యపరగణాలు, బీరారు రాష్ట్రమునకు అడ్వొకేటు జనరలుగా నియమింపబడిరి. 1946లో నాగపూరు హైకోర్టు న్యాయమూర్తియైరి. 1948లో పుష్పా షా గారిని వివాహమాడిరి; వధువు హిందూ కుటుంబమునకు చెందినది. దేశవిభజనపు గాయములు మానని ఆ దినములలో ఇట్టి వివాహమునకు ఎంతటి మనోధైర్యము కావలెనో చదువరులు ఊహింపగలరు. 1954 డిసెంబరులో వారు ఆ హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తులైరి. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగగా జబ్బలుపూరులోని మధ్యప్రదేశ హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తిగా పోయిరి. 1958 డిసెంబరు 1వ తేదీన ఢిల్లీలో సుప్రీము కోర్టు న్యాయమూర్తిగా ప్రమాణము చేసిరి.

ఇక మన కథకు ముఖ్యమైన వ్యాజ్యెమును గూర్చి చెప్పవలెను. నిజాము ప్రభుత్వకాలమున, ఆరవ నిజాము మీరు మహబూబు ఆలీఖాను పాలించుచుండగా, 1305 ఫసలీలో, అనగా 1895-96 ప్రాంతమున, హైదరాబాదు సంస్థానమునకు జూదమును గూర్చిన చట్టమొకటి యేర్పడెను. జూదగృహమును నడుపువానికిని, అందు జూదమాడువానికిని అది శిక్ష విధించును. కాని అందే యొక మినహాయింపు కలదు. కేవలము నేర్పుతో ఆడు ఆటలకు ఆ చట్టము వర్తింపదు. సంస్థానము పోయి, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మటను ఆ చట్టము మన ప్రాంతమున అమలులోనే యుండెను.

1963 సంవత్సరము మే నెల 4వ తేదీని పోలీసు అధికారి యొకరు వారంటు తీసికొని సికింద్రాబాదులోని క్రెసెంటు రిక్రియేషను క్లబ్బు మీద దాడిచేసెను. అచ్చట అయిదుగురు మనుష్యులు పందెము పెట్టి రమ్మీ ఆడుచుండిరి. బల్లమీద ముక్కలు, బిళ్ళలు, కొంత డబ్బు ఉండెను. క్లబ్బువారు ఆటకు కొంత రుసుము వసూలు చేయుచుండిరి. మేజిస్ట్రేటు వారిని దోషులని నిర్ణయించి శిక్షించెను. సెషన్సు జడ్జి ఆ శిక్షను కొట్టివేయుట యుక్తమని హైకోర్టునకు వ్రాసెను. హైకోర్టు అందుకు సమ్మతించి వారిని విడిచిపెట్టెను. రాష్ట్రప్రభుత్వము అంతటితో ఊరకుండక సుప్రీము కోర్టునకు అప్పీలు చేసెను. ఒక సాయంకాలపు పేకాట నాలుగున్నర యేండ్లు నాలుగు న్యాయస్థానములు తిరిగినదన్నమాట. 1967 నవంబరు 22వ తేదీని తీర్పు వెలువడెను. దానిని వ్రాసినవారు హిదాయతుల్లాగారు.

రమ్మీ ఆట నెరుగని చదువరులకు దానిని గూర్చి కొంచెము తెలుపవలసి యున్నది. ఒక్కొక్కరికి పదుమూడు ముక్కలు పంచుదురు. వంతు వచ్చినవాడు కట్టనుండి గాని, ఎదుటివాడు పారవేసినదానిని గాని ఒక ముక్కను తీసికొని, తన చేతిలోనిది యొకటి పారవేయవలెను. ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను అను నాలుగు రంగులలో ఒకే రంగు ముక్కలను వరుసగా గాని, ఒకే అంకె గలవానిని జట్టుగా గాని కూర్చుకొనుచు పోయి, ముందుగ ముగించినవాడు గెలుచును. మొదట చేతికి ఏ ముక్కలు వచ్చునో ఎవరును చెప్పలేరు. కాని పిమ్మట ఎవరేమి పారవేసిరో జ్ఞాపకముంచుకొనుట, ఎదుటివానికి ఏది కావలెనో ఊహించుట, ఏ ముక్కను ఉంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుట ఆడువాని బుద్ధికి సంబంధించినవి.

తీర్పు ఈ భేదము మీదనే నిలిచినది. మూడుముక్కలాట వంటి ఆటలలో ముక్కలు పంచుటతోనే గెలుపోటములు దాదాపు తేలిపోవును. అవి కేవలము అదృష్టపు ఆటలు. రమ్మీ అట్టిది కాదు. పడిన ముక్కలను గుర్తుంచుకొనుటకును, చేతిలోనివానిని కూర్చుకొనుటకును తగినంత నేర్పు కావలెను గనుక అది ప్రధానముగ నేర్పు గల ఆటయే యని హిదాయతుల్లాగారు నిర్ణయించిరి. అదృష్టపు పాలు అందు లేదని వారు చెప్పలేదు. ముక్కలు కలిపి పంచు ప్రతి ఆటలోను ఆ పాలు ఉండితీరును. బ్రిడ్జి యాటలో సయితము ఉన్నది. అంతమాత్రముచేత దానిని జూదమనుట కుదరదని వారి యభిప్రాయము. ఏ పాలు ఉన్నదని కాక, ఏ పాలు మిక్కిలి యున్నదని చూడవలెనన్నది ఈ తీర్పులోని సారము. బహుమానపు పోటీలను గూర్చి 1957లోనే సుప్రీము కోర్టు ఈ మార్గమును సూచించి యుండెను. పేకాటకు దానిని అన్వయించినది మన సికింద్రాబాదు వ్యాజ్యెము.

క్లబ్బు వసూలు చేసిన రుసుమును గూర్చియు వారు విచారించిరి. బల్లలు, కుర్చీలు, ముక్కలు, సేవకులు మొదలగువాని నిమిత్తము సభ్యులవద్ద మితముగ సొమ్ము పుచ్చుకొనుట ఏ క్లబ్బునందైనను కలదు. అది లాభార్జనము కాదు. ఇంతవరకే చదివి పలువురు తీర్పును మూసివేయుదురు. కాని తీర్పులో మరియొక మాట కలదు. ఆ ఆటవలన గృహయజమాని గాని, క్లబ్బు గాని లాభము గడించుచున్నట్లు సాక్ష్యమున్నను, మరియొక విధముగ జూదము జరుగుచున్నట్లు రుజువైనను, అది రమ్మీయే యైనను నేరము కాగలదని వారు స్పష్టముగ వ్రాసిరి. ఆ వ్యాజ్యెమున అట్టి సాక్ష్యము లేకపోయినందుననే అయిదుగురును విడుదలైరి. తక్కెడకు రెండు పళ్ళెములున్నట్లు ఈ తీర్పునకు రెండు భాగములు కలవు. ఒకటి ఆటను తూచును. రెండవది ఆట వెనుకనున్న సొమ్మును తూచును.

ఈ తీర్పు వెలువడిన మూడు నెలలకు, 1968 ఫిబ్రవరి 25వ తేదీన, హిదాయతుల్లాగారు భారతదేశపు ప్రధాన న్యాయమూర్తులైరి. మరుసటి సంవత్సరము జరిగిన సంగతులు వారిని ఎవరును ఊహింపని పీఠము మీద కూర్చుండబెట్టెను. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీరు హుసేనుగారు పదవిలో నుండగనే పరమపదించిరి. ఉపరాష్ట్రపతియగు మన తెలుగువారు వరాహగిరి వేంకటగిరిగారు తాత్కాలికముగ ఆ భారము వహించిరి. పిమ్మట రాష్ట్రపతి యెన్నికలో నిలుచుటకై జూలై 20వ తేదీన వారును రాజీనామా ఇచ్చిరి. రెండు పదవులును ఖాళీ యయ్యెను. అట్టి సమయమున ప్రధాన న్యాయమూర్తి రాష్ట్రపతి కార్యములను నిర్వహింపవలెనని ఆ సంవత్సరమే చట్టము చేయబడి యుండెను. అందుచేత హిదాయతుల్లాగారు 1969 జూలై 20 మొదలు ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి కార్యములను నెరవేర్చిరి. అమెరికా అధ్యక్షుడు నిక్సను ఢిల్లీకి వచ్చినపుడు ఆతిథ్యమిచ్చినవారు వీరే.

ఈ పదవి వారికి లభించుట కేవలము సందర్భబలము. కాని లభించిన పిమ్మట వారు నడచుకొనిన తీరు వారి స్వంతము. ఆ ముప్పదియైదు దినములలోనే బ్యాంకులను జాతీయము చేయు చట్టమునకు 1969 ఆగస్టు 9వ తేదీన వారు సమ్మతి ముద్ర వేయవలసి వచ్చెను. తరువాత ఆ చట్టమును గూర్చిన వ్యాజ్యెము సుప్రీము కోర్టునకు వచ్చినపుడు, తాను సమ్మతించిన చట్టమును తానే విచారించుట ధర్మము కాదని తలచి, వారు ఆ ధర్మాసనమున కూర్చుండలేదు. పదునొకండుగురు న్యాయమూర్తుల ఆ ధర్మాసనమునకు జస్టిసు షాగారు అధ్యక్షత వహించిరి. దేశములోని మిక్కిలి పెద్ద వ్యాజ్యెములలో నొకదానికి తీర్పు చెప్పు అవకాశమును ప్రధాన న్యాయమూర్తియే విడిచిపెట్టుట సామాన్యమైన త్యాగము కాదు.

1970 డిసెంబరు 16వ తేదీన వారు న్యాయపీఠమునుండి విరమించిరి. విరమించుటకు ముందటి దినమున రాజభరణముల వ్యాజ్యెములో తీర్పు చెప్పిరి. అంతకు పూర్వము, 1967లో, ప్రాథమిక హక్కులను గూర్చిన గోలకనాథు వ్యాజ్యెమున పదునొకండుగురిలో ఆరుగురు ఒకవైపును, అయిదుగురు మరియొకవైపును నిలువగా, ఆ ఆరుగురిలో వీరొకరు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి రాజమహేంద్రవరపు వాస్తవ్యులగు కోకా సుబ్బారావుగారు. వీరిరువురును ఏకాభిప్రాయమునకు వచ్చినను హిదాయతుల్లాగారు తమ కారణములను వేరుగ వ్రాసిరి. ఇతరుల తీర్పు క్రింద ఊరక సంతకము చేయుట వారి స్వభావము కాదు.

1979లో వారు పోటీ లేకుండ భారత ఉపరాష్ట్రపతిగా ఎన్నుకొనబడి, 1984 వరకు రాజ్యసభకు అధ్యక్షులుగా నుండిరి. 1982 అక్టోబరులో రాష్ట్రపతి జైలు సింగుగారు వైద్యము నిమిత్తము విదేశమునకు పోయినపుడు మరల కొన్నాళ్ళు రాష్ట్రపతి కార్యములు చూచిరి. న్యాయశాస్త్ర గ్రంథములు పెక్కింటిని వ్రాసిరి, స్వీయచరిత్రమును రచించిరి. 1992 సెప్టెంబరు 18వ తేదీన బొంబాయిలో స్వర్గస్థులైరి. వారు బాలుడుగా చదువుకొనిన రాయపూరులో 2003లో స్థాపింపబడిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము నేడు వారి పేరు వహించి యున్నది.

వారు గతించిన పిమ్మట వారి సికింద్రాబాదు తీర్పునకు జరిగిన సంగతి తెలుపకున్న ఈ చరిత్రము పూర్తి కాదు. 1996లో గుఱ్ఱపు పందెములను గూర్చిన మద్రాసు వ్యాజ్యెమున సుప్రీము కోర్టు ఆ మార్గమునే అనుసరించి, నేర్పు మిక్కుటముగ నున్న ఆట జూదము కాదనెను. అటుపిమ్మట చేతిఫోనులు వచ్చినవి. క్లబ్బులోని బల్ల పోయి అద్దపు పలక వచ్చెను. ఎదుట కూర్చుండు మిత్రుడు పోయి ముఖమెరుగని ప్రత్యర్థి వచ్చెను. సాయంకాలమునకు హద్దు లేకపోయెను. ఆటను నడుపు సంస్థలు ప్రతి యాటనుండియు కొంత భాగమును తీసికొనుచు, మాది నేర్పుగల ఆట యని 1967 నాటి తీర్పును చూపసాగినవి. ఆ తీర్పులోని మొదటి పళ్ళెమునే వారు చూపిరి. ఆటవలన లాభము గడించువానిని గూర్చిన రెండవ పళ్ళెమును చూపలేదు.

2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి, నేర్పుగల ఆటయైనను పందెము కాచి ఆడినచో జూదమే యగునని నిర్ణయించెను. 2020లో ఆంధ్రప్రదేశమును ఆన్‌లైను పందెపు ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, అదృష్టమా, నేర్పా, రెండును కలిసినవా యను విచారణయే లేకుండ, ఆన్‌లైనులో డబ్బుతో ఆడు ఆటలనన్నిటిని నిషేధించెను. ఈ చట్టములు హిదాయతుల్లాగారి తీర్పును తప్పని చూపినవని కొందరు తలచుచున్నారు. అది సరికాదు. రమ్మీలో నేర్పు కలదన్న మాట నేటికిని నిజమే. దానిని ఏ చట్టమును మార్చజాలదు. మారినది ప్రశ్న. ఆటలో అదృష్టపు పాలెంత యని ఆయన నాడు విచారించిరి. కుటుంబము నోటినుండి పోవు కూడెంత యని శాసనకర్తలు నేడు విచారించుచున్నారు. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుటచేత రెండవది తీరిపోదు. నేర్పుగలవాడును రేపటి ముక్కలకై ఇల్లు కుదువబెట్టినచో, వాని నేర్పు వాని పిల్లలకు అన్నము పెట్టదు.

ఐనను మొదటి ప్రశ్న వ్యర్థమైనదని యెంచరాదు. ప్రభుత్వము ఒకని చేతికి సంకెళ్ళు వేయునపుడు, వాడు చేసిన పని నిజముగ చట్టము చెప్పిన నేరమేనా యని అడుగువాడొకడు ఉండవలెను. ఆ అయిదుగురు పేకాటగాండ్ర పట్ల హిదాయతుల్లాగారు చేసిన పని యిదియే. పేకాటను మెచ్చుకొనుటకు వారు తీర్పు వ్రాయలేదు. ఇష్టములేని ఆట వేరు, నేరమగు ఆట వేరు అని చూపుటకే వ్రాసిరి.

విద్యార్థి సోదరులారా! మనము ఏ యింట పుట్టుదుమో, ఏ కాలమున పెరుగుదుమో, ఏ పదవి ఎప్పుడు ఎదురగునో మన చేతులలో లేదు. కవియగు తండ్రి, సంపన్నమగు గృహము, కేంబ్రిడ్జి చదువు హిదాయతుల్లాగారికి లభించిన భాగ్యములు. రాష్ట్రపతి కార్యభారమును సందర్భవశమున వచ్చినదే. కాని పని లేని దినములలో పాఠములు చెప్పి విద్య పెంచుకొనుట, తాను సమ్మతించిన చట్టమును విచారింపక లేచిపోవుట, తోటివారితో ఏకీభవించినను తన కారణములు తానే వ్రాయుట ఎవరును పంచి యిచ్చినవి కావు. అవి ఆయన సాధించినవి. ఉప్పలు మైదానమున నాణెము మీ జట్టునకు అనుకూలముగ పడకపోయినను బ్యాటు పట్టుకొని నిలువుడు. చదరంగమాడుడు, కబాడీ ఆడుడు. డబ్బు పందెముగ నుంచుమని పిలుచు ఆటను మాత్రము, అందెంత నేర్పున్నదని యెవరు చెప్పినను, ముట్టకుడు.